అడ్డపొగ: అంగిలి చెప్పిన సాక్ష్యం

తెల్లవారుజామునే విశాఖలోని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి చూడండి. ఆటోల్లోంచి వంకాయ బస్తాలు, కొత్తిమీర కట్టలు దిగుతుంటాయి. బెల్లం దిమ్మల చుట్టూ ఈగలు ముసురుతుంటాయి. ఎండుమిర్చి ఘాటుకు తుమ్ము వచ్చేలోగా ఇంకో వాసన ముక్కుకి తగులుతుంది. అది పొగాకు వాసన.

కూరల గంప ముందు కూర్చున్న ఒక మామ్మ, బొడ్లో దోపుకున్న సంచిలోంచి చుట్ట తీసింది. అగ్గిపుల్ల గీసి వెలిగించింది. రెండు దమ్ములు లాగి నిప్పు రాజుకున్నాక చుట్టను వెనక్కి తిప్పింది. మండే కొసను నోట్లో పెట్టుకుని పెదాలు బిగించింది. బయట కనిపిస్తున్నది వెలిగించని కొస మాత్రమే. బేరం మాత్రం ఆగలేదు. చేత్తోనే ధర చూపించింది, తూకం వేసింది, చిల్లర ఇచ్చింది.

"నోరు కాలదా మామ్మా?" అని అడిగితే చుట్ట తీసి నవ్వింది. "ఏటి కాలుద్ది బాబూ! సిన్నప్పుడు మాయమ్మ కాడ నేర్సుకున్నాను. గాలికి ఆరిపోదు, సీర మీద నిప్పురవ్వ పడదు, సేతులు కాళీగుంటాయి."

ఉత్తరాంధ్రలో దీన్ని అడ్డపొగ అంటారు. మామ్మ చెప్పిన మూడు కారణాలూ నిజమే. సముద్రపు గాలిలో పడవ మీద ఉన్నవాడికీ, పొలంలో నడుం వంచి నాట్లు వేసే ఆమెకూ, చంటిపిల్లను చంకన వేసుకున్న తల్లికీ ఈ అలవాటు సౌకర్యంగానే ఉంటుంది. నోటి లోపల ఆ నిప్పు ఏం చేస్తుందో మాత్రం బయటికి కనిపించదు. దాన్ని చూడాలని పట్టుబట్టినవాళ్ళు ఈ మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేవారు. వాళ్ళు మొదలుపెట్టిన పని ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది.

పెద్దాసుపత్రికి వచ్చిన చిక్కుముడి

విశాఖలో వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి రెండూ 1923లో మొదలయ్యాయి. కళాశాల 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అయింది. ఆసుపత్రిని జనం కేజీహెచ్ అనీ, పెద్దాసుపత్రి అనీ పిలుస్తారు. ఇచ్ఛాపురం నుంచి తుని దాకా, మన్యం కొండల నుంచి బెస్తపాలేల దాకా జబ్బు ముదిరిన ప్రతివాళ్ళూ చివరికి చేరే చోటు అదే. అందుకే ఒక ప్రాంతపు ప్రజల ఒంట్లో ఏ రోగం ఎక్కువగా ఉందో తెలుసుకోవాలంటే ఆ ఆసుపత్రి రికార్డుల్ని మించిన అద్దం లేదు.

ఆ అద్దంలో ఒక వింత కనిపించింది. మన దేశంలో నోటి క్యాన్సర్ చాలావరకు బుగ్గ లోపలివైపు, చిగురు మీద, నాలుక అంచున వస్తుంది. కిళ్ళీ, పొగాకు ఎక్కడ దవడకి నొక్కిపెట్టుకుంటారో అక్కడే పుండు లేస్తుంది. అంగిలి మీద, అందులోనూ ముందుభాగంలో ఉండే గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం మిగతాచోట్ల చాలా అరుదు. విశాఖలో మాత్రం అంగిలి పుండుతో వచ్చేవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చేవారు. పైగా వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ.

పొగాకు జబ్బులంటే మగవాళ్ళవే అనుకునే కాలమది. మరి ఈ ఆడవాళ్ళకి, అదీ ఈ తీరంలోనే, అదీ అంగిలి మీదనే ఎందుకు వస్తోంది? 1937లోనే వైద్యులు ఎం.జి. కిని, కె.వి.ఎస్. రావు క్యాన్సర్ సమస్య మీద రాసిన పత్రంలో ఈ తీరపు అంగిలి క్యాన్సర్‌నీ అడ్డపొగనీ ముడిపెట్టి చూశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1957లో, డి.జి. రెడ్డి, వి.కె. రావు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో ఆ సంగతిని పేరు పెట్టి మరీ ప్రకటించారు. మండే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం వల్ల కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్ వస్తోందన్నదే ఆ పత్రం శీర్షిక.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. "పొగ తాగుతారా?" అని అడిగితే రోగి అవునో కాదో చెబుతుంది. అంతటితో కాగితం నిండిపోతుంది. "ఎలా తాగుతావమ్మా, ఒకసారి చూపించు" అన్నప్పుడే చుట్ట వెనక్కి తిరుగుతుంది. వైద్యుడి చేతిలోని అన్ని పరికరాలకన్నా ముందు ఈ రోగాన్ని పట్టించింది ఆ ఒక్క ప్రశ్నే.

నోటి పైకప్పు మీద ఏం జరుగుతుంది

నాలుక కొసను పైపళ్ళ వెనక నుంచి మెల్లగా వెనక్కి జరపండి. ముందు గరుకుగా గట్లు గట్లుగా తగులుతుంది, తర్వాత నున్నటి గట్టి భాగం, ఆ తర్వాత మెత్తటిది. ఆ గట్టి భాగం కింద ఎముక ఉంది. దాని మీద పరుచుకున్న పొర నోట్లోని మిగతా పొరల్లాంటిది కాదు. అన్నం నమిలేటప్పుడు ఒరిపిడిని భరించాల్సింది అదే కనుక పైన కెరటిన్ అనే గట్టి పదార్థం పూత ఉంటుంది. మన గోళ్ళలో, అరికాలి చర్మంలో ఉండేది కూడా కెరటినే. అందుకే గట్టి అంగిలి మామూలుగా క్యాన్సర్‌కి అంత సులువుగా లొంగదు.

ఆ పొర కింద, గట్టి అంగిలి వెనక సగంలోనూ మెత్తటి అంగిలిలోనూ, వందల సంఖ్యలో చిన్నచిన్న లాలాజల గ్రంథులు ఉంటాయి. వాటి నోళ్ళు సూదిమొనల్లా ఉండి మామూలు చూపుకి ఆనవు.

అడ్డపొగ తాగే మనిషి అంగిలిని టార్చిలైటు వేసి చూస్తే ఒక చరిత్ర కనిపిస్తుంది. మొదట గులాబిరంగు పొర నల్లబారుతుంది. వేడికీ పొగకీ ఎదురొడ్డడానికి రంగుకణాలు పడే తాపత్రయమది. తర్వాత పొర మందమై తెల్లబారుతుంది. గ్రంథుల నోళ్ళు వాచి, చుట్టూ తెల్లటి గట్టు, నడుమ ఎర్రటి చుక్కతో పొంగుల్లా లేస్తాయి. కొన్నిచోట్ల నల్లరంగు చెరిగిపోయి పాలిపోయిన మచ్చలు పడతాయి. తెల్లమచ్చలు దట్టమవుతాయి. వాటి మధ్య ఎర్రమచ్చ కనిపించిందంటే వైద్యుడు జాగ్రత్తపడతాడు. తెల్లమచ్చకన్నా ఎర్రమచ్చ ప్రమాదం. అక్కడ రక్షణ పొర పలచబడిపోయి, కింద కణాలు క్రమం తప్పి ఉండే అవకాశం ఎక్కువ. చివరికి మానని పుండు.

మచ్చ పడిన ప్రతివాళ్ళకీ క్యాన్సర్ రాదు. చాలామందికి రాదు. ఎవరికి వస్తుందో పైచూపుతో చెప్పలేం కాబట్టే ముక్క పరీక్ష కావాలి. గోరంత కణజాలం తీసి ఫార్మలిన్‌లో వేస్తారు. నీరంతా తీసేసి మైనం దిమ్మలో పోత పోస్తారు. ఆ దిమ్మను మిల్లీమీటరులో రెండువందలవ వంతు మందాన పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి రంగులు అద్దుతారు. కణాల కేంద్రకాలు ఊదారంగులో, మిగతా భాగం గులాబిరంగులో కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పొరలో కణాలు గోడకి పేర్చిన ఇటుకల్లా వరస తప్పకుండా ఉంటాయి. చెడిపోతున్న పొరలో కేంద్రకాలు ఉబ్బిపోయి, ఒకటి పెద్దదై ఒకటి చిన్నదై, అడుగు వరసలో ఉండాల్సినవి పైకి ఎగబాకి కనిపిస్తాయి. ఆ అడుగు వరస కింది గీతను దాటి కణాలు లోపలి కణజాలంలోకి చొరబడితే దానికి పేరు క్యాన్సర్.

వేడి చేసిందా, తారు చేసిందా?

అలవాటుకీ రోగానికీ చుట్టరికం ఉందని తెలియడం ఒక మెట్టు. ఎందుకు ఉందో చెప్పడం తర్వాతి మెట్టు. నోట్లో నిప్పు పెట్టుకుంటే రెండు శత్రువులు ఒకేసారి ప్రవేశిస్తాయి. ఒకటి వేడి, రెండోది పొగలోని తారు. వీటిలో దోషి ఎవరు?

పొగాకు మండే కొస దగ్గర, దమ్ము లాగినప్పుడు వేడి 900 డిగ్రీల దాకా వెళ్తుంది. మామూలుగా తాగేవాళ్ళకి ఆ నిప్పు బారెడు దూరం కాకపోయినా బెత్తెడు దూరంలో ఉంటుంది. పొగ చుట్ట పొడవునా ప్రయాణించి కొంత చల్లబడి, కొంత తారును దారిలోనే వదిలి నోటికి చేరుతుంది. అడ్డపొగలో ఆ వడపోత లేదు. నిప్పు అంగిలి కిందే ఉంటుంది. వెలిగించని కొస గుండా గాలి లోపలికి వస్తుంది. పొగ నేరుగా నోటి పైకప్పుకి తగిలి అక్కడే పరుచుకుంటుంది. పెదాల తడికి చుట్ట నెమ్మదిగా కాలుతుంది కాబట్టి ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. పొదుపు అనిపించే ఆ గుణమే అంగిలికి శాపం.

ఈ ప్రశ్నను 1960లో డి.జి. రెడ్డి, డి.బి. రెడ్డి, పి.ఆర్. రావు ప్రయోగశాలలోకి తీసుకెళ్ళారు. పొగాకు తారు, వేడి రెండింటినీ వాడి ప్రయోగ జంతువుల్లో క్యాన్సర్ పుట్టించడం గురించిన వాళ్ళ పత్రం అమెరికా నుంచి వెలువడే క్యాన్సర్ పత్రికలో అచ్చయింది. ఊరి అలవాటు ఒకటి ఊరి దగ్గరి కళాశాల బల్ల మీద పరీక్షకి నిలబడి, అక్కడి నుంచి సముద్రాలు దాటి వెళ్ళింది.

ఈ రెండు శత్రువులూ కలిసి ఎలా పనిచేస్తాయో ఇప్పుడు మనకి ఇంకా వివరంగా తెలుసు. తారులో బెంజోపైరీన్, నైట్రోసమీన్లు వంటి విషాలు ఉన్నాయి. కణంలోకి వెళ్ళాక మన ఎంజైములే వాటిని విరిచి బయటికి పంపబోయి, ఆ ప్రయత్నంలో మరింత చురుకైన ముక్కలుగా మారుస్తాయి. ఆ ముక్కలు డీఎన్ఏకి అతుక్కుంటాయి. కణం విభజన చెందేటప్పుడు అతుకు ఉన్నచోట అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు పీ53 వంటి కాపలా జన్యువులో పడితే, చెడిన కణాన్ని ఆపేవాళ్ళు ఉండరు. ఇక వేడి ఏం చేస్తుంది? రోజూ పైపొరను కాల్చి చంపుతుంది. పోయిన కణాల చోటు నింపడానికి అడుగు కణాలు పదేపదే విభజన చెందాలి. విభజన ఎంత ఎక్కువైతే తప్పులు నిలిచిపోయే అవకాశం అంత ఎక్కువ. తారు తప్పు రాస్తుంది, వేడి ఆ తప్పుకి నకళ్ళు తీయిస్తుంది.

1970ల్లో ఇదే ఆంధ్ర వైద్య కళాశాలలో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం ఇంకా లోతుకి వెళ్ళింది. అడ్డపొగ తాగేవారి అంగిలిలో పైపొరే కాదు, ఆ చిన్న లాలాజల గ్రంథుల నాళాల్లో కూడా మార్పులు వస్తున్నాయని 1972లో చూపింది. 1974లో గట్టి అంగిలి క్యాన్సర్‌కీ చుట్టతో అడ్డపొగ తాగడానికీ ఉన్న సంబంధం మీద అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పత్రికలో రాసింది. 1975లో విశాఖ జిల్లాలో పది లక్షల జనాభాను లెక్కలోకి తీసుకుని నోటి క్యాన్సర్ ఎంత ఉందో, అందులో అంగిలి వాటా ఎంతో తేల్చే పనికి దిగింది.

గడపగడపకూ వెళ్ళిన లెక్క

ఆసుపత్రి లెక్కకి ఒక లోటు ఉంది. అక్కడికి వచ్చినవాళ్ళే అక్కడ కనిపిస్తారు. రోగం రానివాళ్ళు ఎందరో, మచ్చ దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎందరో తెలియాలంటే ఊళ్ళకి వెళ్ళాలి.

బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దంత పరిశోధన విభాగం ఆ పని చేసింది. ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, డి.కె. దఫ్తరీ, వారితో డెన్మార్క్‌ నుంచి వచ్చిన నోటి వ్యాధుల నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి 1966-67లో దేశంలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడని రోజులు కాబట్టి అప్పటి శ్రీకాకుళం ఇప్పటికన్నా పెద్దది. ఆ జిల్లాలోని 10,169 మంది వివరాలతో 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక పత్రం వచ్చింది. వాళ్ళలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారేనని తేలింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ.

ఇంటి అరుగు మీద ఒక దంతవైద్యుడు, చేతిలో చిన్న అద్దం, ఎదురుగా కొంగు సర్దుకుని నోరు తెరిచిన అవ్వ. పదివేలసార్లు అదే దృశ్యం. ఖరీదైన యంత్రం లేని ఆ పరీక్షే అంగిలి మచ్చలకి వరస, పేరు, మెట్లు ఇచ్చింది. నల్లబడటం, పొంగులు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, పుండు అని పైన చెప్పుకున్న చరిత్రంతా అలా కూర్చిందే.

ఈ అలవాటు మనకొక్కరికే ఉన్నది కాదు. కరీబియన్ దీవుల్లో, పనామాలో, కొలంబియాలో, వెనిజులాలో, ఫిలిప్పీన్స్‌లో, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కూడా నిప్పు లోపల పెట్టుకుని తాగేవాళ్ళు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం తరఫున నిపుణులు 2020లో సవరించిన జాబితాలో క్యాన్సర్‌గా మారే అవకాశమున్న నోటి వ్యాధులు పదకొండు ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు "అడ్డపొగ తాగేవారి అంగిలి మచ్చలు". మన తీరపు అవ్వల అంగిలి ఆ జాబితాలో తన చోటు తాను సంపాదించుకుంది.

మాత్ర ఇచ్చి చూసిన ఏడాది

మచ్చ పడ్డాక వెనక్కి మళ్ళే దారి ఉందా? ఈ ప్రశ్నను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తలకెత్తుకుంది. కమలా కృష్ణస్వామి బృందం అడ్డపొగ తాగే పల్లెవాసుల్లో అంగిలి మచ్చలున్నవారిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం కలిపి ఇచ్చారు. రెండో గుంపుకి చూడటానికి అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఏడాది తర్వాత చూస్తే మందు తీసుకున్నవారిలో 57 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి. ఉత్తి మాత్ర వాళ్ళలో 8 శాతానికే అలా జరిగింది. ఫలితాలు 1995లో అచ్చయ్యాయి.

కంటికి కనిపించిన దాన్ని కణంలో కూడా చూశారు. అంగిలిని మెల్లగా గీకి తీసిన కణాలకి రంగువేసి చూస్తే, కొన్నింటిలో పెద్ద కేంద్రకం పక్కన దాని పిల్లలా ఒక చుక్క కనిపిస్తుంది. క్రోమోజోము తెగినప్పుడు ఆ ముక్క అలా విడిగా మిగిలిపోతుంది. దాన్ని సూక్ష్మకేంద్రకం అంటారు. ఎన్ని కణాల్లో ఆ చుక్క ఉందో లెక్కపెడితే పొగ ఎంత దెబ్బతీసిందో తెలుస్తుంది. డీఎన్ఏకి అతుక్కున్న విషాల్ని కూడా కొలిచారు. మచ్చతో పాటు ఈ రెండూ తగ్గడం చూశాక, పోషణ లోపించిన ఒంటిలో విషానికి ఎదురు నిలిచే శక్తి తక్కువని అర్థమైంది.

అయితే ఈ ఫలితాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి. ఇంచుమించు అదే కాలంలో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగరాయుళ్ళకి బీటా కెరోటిన్ వంటి మాత్రలు ఇచ్చి చూశారు. మేలు జరుగుతుందని ఆశపడ్డారు. 1994లో ఫలితం వచ్చేసరికి బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. కడుపునిండా ఆకుకూర, పండు తినడం వేరు, పొగ మానకుండా మాత్రను నమ్ముకోవడం వేరు. మచ్చ పోయిందని చుట్ట మళ్ళీ ముట్టిస్తే ఆ అంగిలి మీద మళ్ళీ అదే రాత మొదలవుతుంది.

మానితే ఏమవుతుందన్నది కూడా పరీక్షించారు. టాటా సంస్థ బృందమే ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం ప్రాంతాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని ఎంచుకుని, ఏటేటా వాళ్ళ నోళ్ళు చూస్తూ, ఎదురుగా కూర్చుని మాట్లాడి, సినిమాలు చూపించి, రేడియోలో చెప్పించి మాన్పించే ప్రయత్నం చేసింది. 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఐదేళ్ళ ఫలితాలు ఆశ కలిగించాయి. మానేసినవాళ్ళలో, తగ్గించినవాళ్ళలో కొత్త మచ్చలు తగ్గాయి. అలవాటు ఎంత పాతదైనా నోరు క్షమిస్తుంది, దానికి అవకాశం ఇవ్వాలంతే.

చుట్ట పోయి పొట్లం వచ్చింది

అడ్డపొగ తాగే మామ్మల తరం తరిగిపోతోంది. వాళ్ళ మనవరాళ్ళు చుట్ట ముట్టరు. అయితే పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇంకోటి చూడొచ్చు. బస్తాలు మోసే కలాసీ, తెల్లారగట్ల పోర్టు నుంచి సరుకు తెచ్చిన డ్రైవరు, కాలేజీ కుర్రాడు చేతివేళ్ళ మధ్య పొట్లం చించి దవడకి వేసుకుంటారు. ఖైనీ, గుట్కా, పాన్ మసాలా. నిప్పు లేదు, పొగ లేదు, వాసన కూడా కప్పిపుచ్చేలా సుగంధం. అందుకే దాని మీద భయం తక్కువ.

రోగం మాత్రం చోటు మార్చుకుంది. అంగిలి నుంచి బుగ్గలోకి దిగింది. పొగాకు లేకపోయినా ఒక్క వక్క చాలు, హాని చేయడానికి. వక్కలోని అరెకొలిన్ బుగ్గ పొర కింద ఉండే నారకణాల్ని రెచ్చగొడుతుంది. అవి అవసరానికి మించి కొల్లాజెన్ పోగులు నేస్తాయి. వక్కలో ఎక్కువగా ఉండే రాగి ఆ పోగుల్ని ఒకదానితో ఒకటి గట్టిగా బిగించే ఎంజైముకి బలమిస్తుంది. మెత్తని బుగ్గ క్రమంగా తోలులా బిగుసుకుపోతుంది. కారం తగిలితే భగ్గుమంటుంది. నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. ముందు మూడు వేళ్ళు నిలువుగా పట్టేవి, తర్వాత రెండే, ఆ తర్వాత ఒకటి. 1950ల్లో దీనికి పొరకింద నార బిగుసుకునే జబ్బు అన్న అర్థంలో సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అని పేరు పెట్టారు. ఇది కూడా క్యాన్సర్‌కి దారితీయగల జబ్బుల జాబితాలో ఉంది. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు తేల్చారు. ఆ వివరాలు 2004లో అచ్చయ్యాయి.

మన దేశంలో ఏటా 1.4 లక్షల మందికి పైగా కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్‌ బారిన పడుతున్నారని 2022 అంచనా. ఇందులో చాలావరకు ఆపగలిగినవే. అడ్డపొగ రోజుల్లో అడిగిన ప్రశ్ననే ఇప్పుడు ఇంకో రకంగా అడగాలి. ఏం వేసుకుంటావు, ఏ దవడన పెట్టుకుంటావు, ఎంతసేపు ఉంచుతావు? ఆ జవాబుతోనే వైద్యుడి చూపు సరైన చోటికి వెళ్తుంది.

టార్చిలైటు చేసే మేలు

కడుపులో గడ్డ పుడితే స్కానింగు కావాలి. ఊపిరితిత్తిలో మచ్చ తెలియాలంటే ఎక్స్‌రే కావాలి. నోటికి ఒక టార్చిలైటు, రెండు కళ్ళు, ఐదు నిమిషాల ఓపిక చాలు. ఈ మాట ఎంత నిజమో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో పరీక్షించి చూశారు. 1996లో మొదలైన ఆ పరిశోధనలో 1,91,873 మంది ఉన్నారు. సగం చోట్ల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకి వెళ్ళి నోళ్ళు చూశారు, మిగతా సగం చోట్ల మామూలు వైద్యమే నడిచింది. 2005లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు నోరు చూసిన చోట్ల 34 శాతం తక్కువ. వెతికింది వైద్యులు కాదు, కార్యకర్తలు. ఉపయోగించింది యంత్రం కాదు, కన్ను.

ఆ అనుభవంతోనే 2016లో కేంద్ర ప్రభుత్వం 30 ఏళ్ళు దాటిన ప్రతివారికీ ఐదేళ్ళకోసారి నోరు చూడాలన్న విధానం తెచ్చింది. ఊళ్ళో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త దగ్గరే మొదలవ్వాల్సిన పని అది. అనుమానం ఉంటే పంపడానికి మన విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

అంతదాకా ఎందుకు, ఇంట్లోనే చూసుకోవచ్చు. పళ్ళు తోముకుని, కట్టుడు పళ్ళుంటే తీసేసి అద్దం ముందు నిలబడండి. పెదవుల్ని తిప్పి చూడండి. బుగ్గను వేలితో బయటికి లాగి లోపలివైపు చూడండి. నాలుకను పైకెత్తి కిందివైపు, పక్కలకి తిప్పి రెండు అంచులు చూడండి. తల వెనక్కి వాల్చి అంగిలి చూడండి. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో చూసుకోండి. గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, నొప్పిలేని గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, మింగడానికి ఇబ్బంది. వీటిలో ఏదున్నా ఆగకుండా చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే పెద్ద పొరపాటు. మొదట్లో ఈ పుండు నొప్పెట్టదు. తొలి మెట్టులో పట్టుకుంటే చిన్న ఆపరేషనుతో పోయేది, ఆలస్యమైతే దవడ ఎముకను, అంగిలిని తీసేయాల్సి వస్తుంది. అంగిలి తీసేస్తే నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోతుంది. తిన్న అన్నం ముక్కులోంచి వస్తుంది, మాట ముక్కుతో పలుకుతుంది. దాన్ని మూయడానికి దంతవైద్యులు ప్రత్యేకంగా తయారుచేసిన బిళ్ళ పెట్టుకుని బతకాలి.

మానాలనుకునేవారికి తోడుగా జాతీయ పొగాకు విముక్తి సహాయ కేంద్రం ఉంది. 1800-11-2356 నంబరుకి డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయొచ్చు.

పూర్ణా మార్కెట్లో ఎండ ఎక్కాక గంపలు ఖాళీ అవుతాయి. మామ్మ చుట్ట బూడిద దులిపి, గోడకి ఆనుకుని సేద తీరుతుంది. ఆమె అంగిలి మీద ఏముందో ఆమెకి తెలియదు. ఎందుకంటే ఎవరూ చూడలేదు. తొంభై ఏళ్ళ కిందట ఇక్కడికి కూతవేటు దూరంలో వైద్యులు ఇలాంటి మామ్మల నోళ్ళల్లోకి తొంగిచూసి, లోకానికి తెలియని ఒక రోగపు జాడ పట్టుకున్నారు. ఆ మామ్మలు తెరిచిన నోళ్ళ వల్లే ఈ రోజు మనకి ఇంత తెలుసు. వాళ్ళకి మనం తీర్చుకోవలసిన రుణం ఒకటి మిగిలే ఉంది. ఇంటికి వెళ్ళాక మీ అమ్మనో, మామ్మనో, పొట్లం చించే తమ్ముడినో వెలుతురులో కూర్చోబెట్టండి. ఫోనులో లైటు వేయండి. "ఏదీ, ఒకసారి ఆ అను" అనండి.